వేలు పెట్టి చదివిన చీర

మంగళవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. మా చేనేత సొసైటీ షెడ్డుల గోడ గడియారం అయిదు నిమిషాలు ముందు నడుస్తది, అది తీసేసి చెప్తున్న. ఆ టైముకు పడుగు డ్రమ్ము తిరుగుడు మొదలైంది. నేను పక్కన స్టూలు మీద కూసోని, నా కోడలు రాసిన కాయితం ఒడిలె పెట్టుకొని, ఒక్కొక్క వరుస మీద వేలు జరుపుతున్న. ఆ పడుగు సక్కగ వస్తే, చీరల డిజైన్లు కంప్యూటర్ల రాసే పని నా కోడలిది. చెడితే ఆ పని ఆ దినమే బందు. సొసైటీ అధ్యక్షుడు ముందే చెప్పిండు. "ఒక్క పడుగు ఇస్తున్న. ఒక్కటే."

పడుగంటే చీరల నిలువు దారాలు. మా నారాయణపేటల చీరకొక పడుగు చుట్టరు. ఎనిమిది చీరలకు కలిపి ఒక్కటే చుడతరు. అందుకని ఒక పోగు తప్పు పడితే ఒక చీర పోయిందిలే అని ఊకునేది ఉండది. ఎనిమిదీ పోతయి.

నా కోడలు మగ్గం ఇంట్ల పుట్టిన పిల్ల కాదు. కట్టంగూరు పిల్ల, వాళ్లది వ్యవసాయం. కంప్యూటర్ చదువు చదివి పట్నంల నౌకరీ చేసింది. నా కొడుకు మగ్గం నేస్తడు. ఇద్దరికీ ఎట్ల కుదిరిందో అది వాళ్ల సంగతి, నేనడగలేదు. కరోనా వచ్చినప్పుడు ఆఫీసోళ్లు ఇంటికాడ్నే ఉండి పని చెయ్యుమన్నరు, తర్వాత కొన్నొద్దులకు ఆ ఆఫీసే మూతపడ్డది. అప్పటిదాంక ఆమె మాకు పండుగకొచ్చి పోయే మనిషి. అప్పటి సంది ఇంట్ల మనిషైంది. మొదట్ల మా ఇద్దరికీ మాట్లాడుకునేటందుకు ఏం లేకుండె. ఉప్పు ఎక్కువైందా తక్కువైందా, అంతే.

మాటలు కలిసింది అంచుల కాడ.

మా అత్త పదకొండు అంచులు నాకు నోటితోని అప్పజెప్పి పోయింది. ఏ రంగు పోగులెన్ని, దాని పక్క రంగెన్ని, అట్ల లెక్క. ఎక్కడా రాసి లేదు. ఆమెకూ రాయ రాదు, నాకూ రాదు. ఒకనాడు వంట చేస్తుంటె అందులో రెండు అంచులు నాకు యాదికి రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు. పొయ్యి ముందట్నే కూసోని ఏడ్చిన. కోడలొచ్చి ఏమైందన్నది. చెప్పిన.

"మిగిలిన తొమ్మిది చెప్పు అత్తమ్మా. కంప్యూటర్ల పెడత. పోకుండ ఉంటయి" అన్నది.

అట్ల మొదలైంది. నేను చెప్పుడు, ఆమె టకటక కొట్టుడు. ఆమె రాసినదాన్ని కంప్యూటర్ బొమ్మ గీస్తది, మడత పెట్టిన చీర బొమ్మ. దుకాణపోళ్లు ఫోన్ల ఆ బొమ్మ చూసి కావాలంటరు. అదే రాతల్నుంచి పడుగుకు ఏ రంగు ఎన్ని పోగులో కూడ లెక్క వస్తది. ఈ సంగతి చెవినపడి అధ్యక్షుడు ఇంటికొచ్చి చూసిండు, తల గోక్కున్నడు, ఒక్క పడుగు ఇస్త అన్నడు.

ఇగ నా పంచాయితీ అప్పుడు షురువైంది. "నువ్వు రాసింది నాకు చూపియ్యి" అన్న.

కోడలు కాయితం మీద అచ్చు తీసి ఇచ్చింది. చూసిన. ఒక కొస నుంచి ఇంకో కొస దాంక సందు లేదు. మీసాల బ్రాకెట్లు, వాటి లోపల మళ్లా మీసాల బ్రాకెట్లు, మాట మాటకు రెండు పక్కల కొటేషన్లు, నడుమ చుక్కలు, కామాలు, అన్నీ ఇంగ్లీషు ముక్కలు. రంగుల పేర్లు లేవు, రంగుకొక ఆరు అక్షరాల నంబరు. ఆ రాత తీరుకు ఇంగ్లీషుల ఒక పేరుందంట. నా నోరు తిరగది.

"ఇదేంది బిడ్డా, బియ్యంల పురుగులు పాకినట్టున్నది. ఇందుల మా అత్త అంచు యాడున్నది?"

"ఉన్నది అత్తమ్మా. నీకు కనపడది. అది మనుషులు చదివేది కాదు, మిషన్ చదివేది."

"మిషన్‌కు తప్పుంటె తెలుస్తదా?"

"రాసే తీరుల తప్పుంటె తెలుస్తది. కామా మర్చిపోతె ఒర్రుతది."

"పసుపు కాడ ఎరుపు పెడితే?"

"అది తెల్వది."

"మరి అది పట్టేది ఎవరు?"

కోడలు కాయితం అటిటు తిప్పి చూసింది.

"నువ్వు పట్టాలె, లేకుంటె నేను పట్టాలె. నీకు మగ్గం తెల్వది, నాకు గీ పురుగులు తెల్వయి. ఇద్దరం కలిసి గుడ్డోళ్లం" అన్న. నా నోరు అసొంటిది. మనసుల ఒకటి పెట్టుకొని ఇంకోటి మాట్లాడ రాదు నాకు.

ఆ పిల్ల మూతి ముడుచుకొని "అందరూ గిట్లనే రాస్తరు" అన్నది.

"అందరూ రాయని. అందరి అత్తలు అడిగిన్రా?"

అప్పుడు నవ్వింది. నవ్వినంక పని జరిగింది.

నేను అక్షరాలు ఎట్ల నేర్చుకున్ననో చెప్తె గాని ఈ ముచ్చట పూర్తి కాదు. తెలంగాణ వచ్చినంక రెండు మూడేండ్లకు మా వాడల సంఘం ఆడోళ్లకు చదువు చెప్పే పిల్ల ఒకామె వచ్చేది. అప్పటికి నాకు యాభై దాటినయి. అప్పటిదాంక వేలిముద్రే. పోగులెక్క వేలల్ల నోటికి చెప్పేదాన్ని, పేరు రాయమంటె చేతులు చెమటలు పట్టేటియి. ఆ పంతులమ్మ ఒక పద్ధతి పెట్టింది. నల్లబల్ల మీద ఒక వరుసల ఒక్కటే మాట. దాని కింద ఇంకోటి. మాట మాటకు మస్తు జాగా. మాట కింద వేలు పెట్టి, వేలు జరిపి, నోటితోని అనాలె. పేపర్ల రాతలాగ కిక్కిరిసి రాస్తె మాకు కండ్లు తిరిగేటియి. జాగా ఉంటె ఒక్కొక్క మాట మనిషి లెక్క ఒంటరిగ నిలబడి "నన్ను చదువు" అన్నట్టుండేది.

అయినా నా చదువు నిదానం. మొదటిసారి బస్టాండ్ల బస్సు బోర్డు నా అంతట నేనే చదివిన. "మహబూబ్‌నగర్" అని మొత్తం కూడబలుక్కొని, సంబురపడి తలకాయ ఎత్తేసరికి బస్సు పోయింది. నా కొడుకు ఆ ముచ్చట ఇప్పటికీ వచ్చినోళ్లందరికీ చెప్తడు.

అందుకని కోడలికి చెప్పిన. "నా పంతులమ్మ రాసినట్టు రాయి. వరుసకొకటి. తెలుగుల."

"తెలుగుల రాస్తె కంప్యూటర్ చదువుతదా?" అని నేనే మళ్లా అనుమానపడ్డ.

"చదువుతది అత్తమ్మా. చెప్పినట్టు వింటది. ఇంట్ల అదొక్కటే చెప్పినట్టు వినేది" అన్నది, నన్ను చూసుకుంట.

మధ్యాన్నం అన్నాలు తిన్నంక రోజూ కూసునేది. మొదలు మీసాల బ్రాకెట్లు తీపిచ్చిన. మరి ఏది దేని లోపలిదో ఎట్ల తెలుస్తదని ఆమె అడిగింది. లోపలిది జర లోపలికి జరిపి రాయుమన్న. "ఎడమ అంచు" అని రాసి, దాని కింద కొంచెం జరిపి దాని పోగులు. కొటేషన్లు తీపిచ్చిన. కామాలు కూడ తీపిచ్చిన. వరుస అయిపోయినంక మళ్లా కామా ఎందుకు, అయిపోయిందని కనపడ్తలేదా? గళ్లు చీర నడుమ ఎన్నోసార్లు వస్తయి. ఆమె రాతల అవన్నీ మళ్లా మళ్లా రాసి ఉండె, గజాల కొద్ది. "గడి ఒక్కసారి చెప్పి, ఇట్లనే ఇన్నిసార్లు అని రాయరాదా? పడుగు చుట్టేటామెకు నేను గట్లనే చెప్త" అన్న. ఆమె నుదుటి మీద చెయ్యి కొట్టుకున్నది.

ఇంత చేసినా మిషన్ తినే రాత వేరేనంట. ఆమె నడుమ చిన్న ప్రోగ్రాం రాసింది. మనం రాసేది మనకు తెలిసేటట్టు ఉంటది, అది దాన్ని పురుగుల రాత చేసి మిషన్‌కు పెడతది. అది మంచిగున్నది. మిషన్ పురుగులు తింటె నాకేంది?

రంగుల కాడ రంగుల భాయిని పిలిచినం. నూలుకు రంగులద్దే మనిషి ఆయన, నా ఈడువాడు, ముప్పై ఏండ్ల నుంచి మాకు ఆయనే అద్దుతడు. కోడలు ఆరు అక్షరాల నంబరు చూపిచ్చి "ఇది వంగపండు రంగు" అన్నది. ఆయన కండ్లద్దాలు పైకి లేపి చూసిండు.

"బేటీ, గిది నీ ఫోన్ల వంగపండు. నా గంగాళంల వంగపండు వేరే."

"రెండింటికీ తేడా ఏంది చాచా?"

"నా దాన్ని వండుకొని తినొచ్చు" అన్నడు. ఇద్దరం నవ్వినం. ఆఖరుకు ఏం చేసిందంటె, ఫైలు మొదట్ల ఒక చోట రంగుల పేర్లన్నీ వరుసగ రాసి, ఒక్కొక్క పేరుకు ఎదురుంగ ఆ నంబరు పెట్టింది. కింద ఎక్కడ కావాలన్నా పేరే రాసుడు. వంగపండు, మామిడిపండు, చిలకపచ్చ, కుంకుమ. భాయి తన గంగాళం లెక్క తాను చూసుకుంటడు.

కష్టం లేకపోలేదు. ఒకనాడు నేను కంప్యూటర్ కాడ వేలు ఆనిచ్చిన. ఒక ఖాళీ ఎక్కువ పడ్డది. కండ్లకు ఏం తేడా లేదు, మిషన్ మాత్రం చదవనని మొండికేసింది. కోడలు గంట వెతికింది. "బ్రాకెట్లుంటె గీ తిప్పలు ఉండకపోయేటియి అత్తమ్మా" అని సణిగింది. నిజమే. నేను చాయ్ పెట్టిచ్చిన.

అన్నిటికంటె నాకు నచ్చింది ఒకటున్నది. రెండు గీతలు అడ్డం, రెండు నిలువు, గళ్ల లెక్క ఉండే గుర్తొకటి ఉంటది. దాని తర్వాత ఏం రాసినా మిషన్ ముట్టదంట.

"ఎవరి కోసం మరి అది?"

"చదివే మనిషి కోసం."

"ఏమన్న రాయొచ్చా?"

"ఏమన్న."

కీబోర్డు నా ముందటికి జరిపింది. ఏ అక్షరం యాడుందో చూపిస్తుంటె ఒక్కొక్కటి ఒత్తిన. అరగంట పట్టింది. "ఈ అంచు మా అత్తది." సంతకం కాక నా అంతట నేను రాసిన మొదటి మాట అదే. కోడలు నా భుజం మీద చెయ్యేసింది.

ఇగ మంగళవారానికొస్త.

ఫైలు ముందటి దినం పొద్దుమీకి పూర్తయింది. మంగళవారం పొద్దున కోడలు అచ్చు తీసి షెడ్డుకు తెచ్చింది. రంగుల భాయి నూలు దించిండు. పడుగు చుట్టేటామె నూలు చుట్టిన కండెలు ఎక్కించింది. ఆమెకు అరవై దగ్గరపడ్డయి, నన్ను అక్కా అంటది, షెడ్డుల డ్రమ్ము మీద ఆమె చెయ్యి పడని పడుగు లేదు. ఆమె తర్వాత ఆ పని నేర్చుకున్నోళ్లూ లేరు. అధ్యక్షుడు ఆమెకు గట్టిగ చెప్పిండు.

"కాయితంల ఎట్లున్నదో అట్లనే చుట్టు. నీ తెలివి పెట్టకు. కాయితం సంగతేందో ఇయాల తేలాలె."

"నా తెలివి నాకాడ్నే ఉంటదిలే" అన్నది ఆమె.

డ్రమ్ము మీద పడుగు ఒక్కసారి మొత్తం రాదు. చీర వెడల్పును పట్టీలు పట్టీలుగ చుడతరు. మొదలు ఎడమ అంచు, తర్వాత నడుమ గళ్లు, ఆఖరుకు కుడి అంచు. కుడి అంచు కాడికి వచ్చేసరికి సాయంత్రమైతది. ఎడమ అంచు చుడుతుంటె నేను కాయితం చదువుకుంట కూసున్న. కోడలు నా పక్కన నిలబడి గోర్లు కొరుకుతున్నది. నా కొడుకు మగ్గం వదిలేసి వచ్చి వాకిట్ల నిలబడ్డడు, లోపలికి రాడు, బయటికి పోడు.

"ఎడమ అంచు. వంగపండు ఇరవై నాలుగు. మామిడిపండు రెండు. కుంకుమ ఆరు. మామిడిపండు రెండు. చిలకపచ్చ పన్నెండు." గట్టిగ చదువుతున్న. నాకు మనసుల చదువుడు రాదు. డ్రమ్ము కాడామె తలకాయ ఊపుతున్నది. తర్వాత గడి. గడి ఇన్నిసార్లు. మంచిగున్నది. వేలు ఇంకా కిందికి జరిగింది. "కుడి అంచు. వంగపండు ఇరవై నాలుగు..."

నా వేలు ఆగింది. గడి అయిపోయినంక నా చెయ్యి చిలకపచ్చ కోసం చూస్తున్నది. యాభై ఏండ్లు మగ్గం మీద ఎడమ నుంచి కుడికి పోయిన చెయ్యి అది. గడి పక్కన చిలకపచ్చ రావాలె, వంగపండు ఆఖరుకు, చీర కొసకు పోవాలె. ఇందుల వంగపండు వచ్చి గడిని ఆనుకొని కూసున్నది. అంటె చీరకు ఎడమ అంచు సక్కగ, కుడి అంచు ఉల్టా. ఎనిమిది చీరలు.

"డ్రమ్ము ఆపుండ్రి" అన్న.

డ్రమ్ము ఆగింది. అందరూ నా మొహం చూసిన్రు. నేను కోడలి మొహం చూసిన. ఆమెకు ఇంకా తెల్వదు. చెప్పిన. చెప్తుంటెనే ఆమె పెదాలు తెల్లబడ్డయి.

అధ్యక్షుడు కుర్చీల నుంచి లేచిండు. "గిందుకే నేను మొదటి సంది అంటున్న. చదువుకున్న పిల్ల, మంచిదే, గానీ మగ్గం సంగతి..."

"ఆగు నాయినా. కూసో. తప్పు నాది."

"నువ్వు రాసినవా పెద్దమ్మా?"

"నేను చెప్పిన. సగమే చెప్పిన. ఈమె నేను చెప్పిందే రాసింది."

అది నిజం. మాలోన ఎవ్వరం రెండో అంచు చెప్పం. మా అత్త నాకు చెప్పలేదు, నేను పడుగు చుట్టేటామెకు ఎన్నడూ చెప్పలేదు. ఒక అంచు చెప్పి "రెండో పక్క కూడ" అంటం, అంతే. తిరగేసి చుట్టాలని పుట్టిన పిల్లకు కూడ తెలుసన్నట్టు ఉంటం. కట్టంగూరు పిల్లకు ఎట్ల తెలుస్తది? రెండో పక్క కూడ అంటె, ఆ అయిదు వరుసలు తెచ్చి కింద మళ్లా పెట్టింది. కంప్యూటర్ బొమ్మ మడత చీరది, అందుల ఒక అంచే కనపడతది. పురుగుల రాతల ఉన్నప్పుడు కూడ ఈ తప్పు ఉన్నది. ఆమె వందసార్లు చూసింది, నేను వారం దినాలు చూసిన. ఇద్దరికీ కనపడలేదు.

"నేనడగాల్సి ఉండె అత్తమ్మా" అన్నది కోడలు.

"తెల్వనిది ఎట్లడుగుతవు? ఊకో."

డ్రమ్ము కాడామె నడుముకు చేతులు పెట్టింది. "అక్కా, కుడి పట్టీ కాడికొస్తె నేను తిరగేసి చుట్టేదాన్నే. గానీ నీ తెలివి పెట్టకు అని ఈయన ఆర్డరు. నాకేం, ఉల్టా చుట్టి ఇచ్చి ఇంటికి పోతుంటి."

రంగుల భాయి నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నడు. అధ్యక్షుడు నా దిక్కు తిరిగిండు. "మరి నోటి లెక్కే మంచిది కద పెద్దమ్మా? నోటి లెక్కల ఈ తప్పు రాకపోయేది."

ఆయన అన్నది అబద్ధం కాదు.

"రాకపోయేది" అన్న. "ఈమె డ్రమ్ము మీద ఉన్నన్నొద్దులు రాదు. ఈమె ఇంకెన్నేండ్లుంటది? నేనెన్నేండ్లుంట? పదకొండు అంచుల్ల రెండు నా తలకాయల్నుంచి పోయినయి, యాడికి పోయినయో ఎవరన్న తెచ్చిస్తరా? గీ కాయితంల తప్పున్నది. ఉన్నది గాబట్టి వేలు పెట్టి చూపిచ్చిన. నా తలకాయల ఉంటె నువ్వు వేలు యాడ పెడతవు?"

ఆయన కాయితం అడిగి తీసుకున్నడు. ఆయనకు చదువొస్తది. నిలబడే మొదటి వరుస నుంచి చదివిండు, పెదాలు కదులుతున్నయి. వంగపండు, మామిడిపండు. ఎడమ అంచు అయ్యేసరికి కుర్చీల కూసున్నడు. గడి చదివిండు. కుడి అంచు కాడికి వచ్చి నేను ఆగిన చోటే ఆగిండు.

"అవు" అన్నడు. "ఉల్టా." తర్వాత కోడలిని చూసి, "మరి దీన్ని ఎట్ల మార్చాలె బిడ్డా?" అని అడిగిండు.

ఆయన ఆమెను బిడ్డా అన్నది అదే మొదలు.

కోడలు కండ్లు తుడుచుకొని కంప్యూటర్ తెరిచింది. కుడి అంచు కింద ఉన్న అయిదు వరుసలు తీసేసి, ఒక్క వరుస రాసింది. "ఎడమ అంచు తిరగేసి." మిషన్‌కు ఆ మాట నేర్పుటానికి ఇంకో గంట పట్టింది. అప్పటిదాంక కాయితం మీద పెన్నుతోని అదే రాసిచ్చింది. డ్రమ్ము మళ్లా తిరిగింది. ఎడమ అంచుల తప్పు లేదు గాబట్టి చుట్టింది ఏదీ తీసెయ్యాల్సిన పని పడలేదు.

సాయంత్రం కుడి పట్టీ కాడ నేను మళ్లా చదివిన. చిలకపచ్చ పన్నెండు. మామిడిపండు రెండు. కుంకుమ ఆరు. పడుగు చుట్టేటామె ఒక్కొక్కటి విని, కండె చూసి, పోగు పట్టుకున్నది. ఆఖరి వంగపండు పోగు ముడి పడ్డంక అధ్యక్షుడు లేచి పడుగు మీద చెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాంక నిమిరిండు.

"రెండో పడుగు ఎప్పుడు ఇయ్యాలె?" అన్నడు.

కోడలు నన్ను చూసింది. "మిగిలిన ఎనిమిది అంచుల్ల రెండో పక్క అడగాలె ముందు. వచ్చే వారం ఇయ్యుండ్రి" అన్నది.

"ఇస్త. ఒక షరతు. పడుగు డ్రమ్ము ఎక్కే ముందట పెద్దమ్మ గట్టిగ చదవాలె."

"నేను నిదానం చదువుత" అన్న.

"చదువు. మేం వింటం" అన్నడు.

ఆ దినం షెడ్డుల ఉన్నోళ్లు వీళ్లు. డ్రమ్ము కాడ పడుగు చుట్టేటామె. కుర్చీల సొసైటీ అధ్యక్షుడు. నూలు మూటల పక్కన రంగుల భాయి. పొద్దంతా వాకిట్లనే నిలబడ్డ నా కొడుకు. కట్టంగూరు నుంచి వచ్చిన నా కోడలు. స్టూలు మీద నేను.